తాబేలుకు అంచు లేని గుడ్డ

రెండేళ్ళ కిందటి ఏప్రిల్ నెల. ముంబై తీరానికి చాలా దూరంలో, అరేబియా సముద్రం మధ్య, కాలం చెల్లిన ఒక చమురు ప్లాట్‌ఫామ్‌ను పీకేస్తున్నారు. నేను అక్కడ అబ్జర్వర్‌ని. అంటే పేలుడు పెట్టే ముందు ఆ నీళ్ళలో తాబేలు గానీ, డాల్ఫిన్ గానీ లేదని కళ్ళతో చూసి చెప్పే మనిషిని. నేను "ఆల్ క్లియర్" అనేదాకా ఎవరూ మీట నొక్కడానికి లేదు. నా ఉద్యోగమంతా ఈ నాలుగు మాటల్లోనే ఉంది. ఈ నాలుగు మాటలు మా దాజీ పేట్‌లో ఒక్క మనిషికి అర్థమయ్యేలా చెప్పడం మాత్రం ఇన్నేళ్ళుగా నావల్ల కాలేదు.

మాది సోలాపూర్. తాతల నాడు తెలంగాణ నుంచి మగ్గం పనికి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. మా పేటలో తెల్లారితే సాంచెల చప్పుడు. సాంచె అంటే కరెంటు మగ్గం. ఆ చప్పుడులో పుట్టి పెరిగిన వాళ్ళకు సముద్రం అంటే సినిమాలో హీరోయిన్ పరుగెత్తే చోటు. నేను సెలవు మీద ఇంటికి వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు అరుగు మీద కూర్చోబెట్టి అడుగుతారు.

"ఏం సునందా, చేపలు పడ్తున్నవా?"

"కాదు కాకా. చేపలు పట్టను. సముద్రంల బాంబు పెడ్తరు గదా, ఆడ తాబేళ్ళు, డాల్ఫిన్లు ఉన్నయా లేవా అని చూస్త."

"ఉంటే?"

"పోయిందాక ఆపుతం."

"ఓహో. మరి నీకు పగార్ ఎవరిస్తరు, తాబేళ్ళా?"

అరుగంతా నవ్వు. రామాయణమంతా విని రాముడికి సీత ఏమవుతుందని అడిగినట్టు, వారం తర్వాత అదే కాకా మళ్ళీ "చేపలు ఎట్లున్నయ్?" అంటాడు. మొదట్లో విడమరిచి చెప్పేదాన్ని. తర్వాత "బాగున్నయ్ కాకా" అనడం నేర్చుకున్నాను.

ఇది చదివేవాళ్ళు కూడా నన్ను అదే ప్రశ్న అడగకుండా పని సంగతి కొంచెం చెప్తాను. ప్లాట్‌ఫామ్ అంటే సముద్రంలో ఇనుప కాళ్ళ మీద నిలబడ్డ కట్టడం. ఆ కాళ్ళ లోపల నుంచి సముద్రపు అడుగులోకి దిగగొట్టిన పెద్ద గొట్టాలను పైల్స్ అంటారు. చమురు అయిపోయాక ఆ గొట్టాలను మట్టికి దిగువన తెగ్గొట్టి, కట్టడాన్ని క్రేన్‌తో ఎత్తి బార్జ్ మీద తీసుకుపోతారు. బార్జ్ అంటే సామాను మోసే బల్లపరుపు ఓడ. మామూలుగా గొట్టాలను యంత్రంతో కోస్తారు. మా దగ్గర అన్నీ తెగాయి, చివరిది మొండికేసింది. కోసే యంత్రం దాని లోపలే ఇరుక్కుపోయింది. ఇక పేలుడు తప్ప గతి లేదని కంపెనీ అనుమతులు తెచ్చుకుంది.

మందుగుండు గొట్టం లోపల, మట్టి కింద పేలుతుంది. పైన చూసేవాళ్ళకు పెద్దగా కనిపించదు. కానీ ఆ దెబ్బ నీళ్ళలో చాలా దూరం పోతుంది. గాలి పీల్చుకునే జంతువు దగ్గరలో ఉంటే దాని ఊపిరితిత్తులు, చెవులు చితికిపోతాయి. అందుకని చుట్టూ ఒక పెద్ద వలయం అనుకుంటాం. దాన్ని ఎక్స్‌క్లూజన్ జోన్ అంటారు. అందులో ఏది కనిపించినా పని ఆగాలి. అది వెళ్ళాక కూడా అరగంట పాటు నీళ్ళు ఖాళీగా కనిపించాలి. ఆ మధ్యలో ఇంకోటి తల ఎత్తితే లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది. పైగా ఇదంతా పగటి వెలుతురులోనే.

మా ప్లాట్‌ఫామ్ కింద ఒక ఆడ తాబేలు కాపురం ఉంది. పచ్చ తాబేలు అంటారు, బండి చక్రమంత డిప్ప. ఎన్నాళ్ళ నుంచి ఉందో తెలియదు. ఆ ఇనుప కాళ్ళకు పట్టిన నాచు తింటుంది, ఆ కాళ్ళ సందుల్లోనే నిద్రపోతుంది, ఊపిరి కోసం పైకి వచ్చి మళ్ళీ అక్కడికే దిగుతుంది. బార్జ్ మీద మనుషులు దానికి "మౌసీ" అని, అంటే పిన్ని అని పేరు పెట్టారు. మేము పేలుడుకు సిద్ధమైన ప్రతిసారీ మౌసీ తల బయటపెట్టేది. నేను ఆపమనేదాన్ని. అది వెళ్ళేది కాదు. వెళ్ళడానికి దానికి వేరే ఇల్లు ఎక్కడుంది?

పేలుడు పనికి పెద్ద సావంత్ సాబ్. మంచి పనిమంతుడే, కానీ ఓపిక ఉప్పు రాయంత. ఆయన మరాఠీలో తిట్టేవి ఇక్కడ రాయలేను, రాయగలిగినవి ఇవి.

"మేడం, దానికి ఈ జాగా పట్టా రాసిచ్చారా? వర్షాకాలం ముంచుకొస్తోంది. సముద్రం లేచిందంటే బార్జ్ వెళ్ళిపోవాలి. ఈ ఒక్క కాలు కోసం మళ్ళీ ఏడాది ఆగాలా?"

"సాబ్, అది నా మాట వింటే నేనే పొమ్మందును."

"పెద్ద సముద్రం. ఒక తాబేలు. మీరు అటు తిరిగి చూస్తూ ఉంటే..."

ఆ మాట ఆయన పూర్తి చేయలేదు, నేను చేయనివ్వలేదు. కానీ అర్థమైంది. ఇంకొన్నాళ్ళు ఇలాగే సాగితే ఎవరో ఒకరు నన్ను అటు తిరిగి చూడమంటారు, లేదా నా బదులు అటు తిరిగి చూసే మనిషిని తెస్తారు. మౌసీ ప్రాణం అప్పుడు నా చేతిలో ఉండదు.

చివరికి అటవీ శాఖ అనుమతితో ఒక ఏర్పాటు జరిగింది. పొద్దున్నే మౌసీ నిద్రపోయే చోట డైవర్లు దాన్ని వల ఊయలలోకి తీసుకుని పైకి ఎత్తుతారు. ముందే దూరం తీసుకెళ్ళి వదిలితే పేలుడు కాకముందే తిరిగి వచ్చేయగలదు. అందుకని పేలుడు అయ్యేదాకా బార్జ్ మీదే నీడలో, తడిగుడ్డలు కప్పి ఉంచుతాం. ఒక పశువుల డాక్టరమ్మ పక్కనే ఉంటుంది. పేలుడు కాగానే దూరంగా తీసుకెళ్ళి నీళ్ళలో వదులుతాం.

గుడ్డల సంగతి చిన్నది కాదు. రంగు ఉండకూడదు, తడిస్తే కారి దాని కళ్ళలో పడుతుంది. గంజి ఉండకూడదు. వేలాడే పోగులు ఉండకూడదు, రెక్కలకు చుట్టుకుంటాయి, నోట్లోకి పోతాయి. అంతకుముందు ఒకసారి కంపెనీ కొనుగోళ్ళ వాళ్ళు జిలుగుల తువ్వాళ్ళు పంపారు. పాలిస్టర్, నీటి చుక్క పీల్చవు. ఈసారి నాకు సెలవు వచ్చింది కదా అని మీటింగ్‌లో గొప్పగా చెప్పాను, "నేను సోలాపూర్ దాన్ని. గుడ్డల గురించి మీరు మర్చిపోండి" అని.

ఆ మాట అన్నందుకు నా చెప్పుతో నేనే కొట్టుకోవాలి.

దాజీ పేట్‌లో మా మేనమామ నర్సయ్యకు నాలుగు సాంచెలున్నాయి. చాదర్లు, తువ్వాళ్ళు నేస్తాడు. అమ్మానాన్న పోయాక నన్ను చదివించింది ఆయనే, నాకు పుట్టిల్లు ఆ ఇల్లే. నేను వెళ్ళేసరికి ఎప్పటిలాగే అత్త చెంబుతో నీళ్ళు తెచ్చి గడప బయట నా కాళ్ళ మీద పోసింది. సముద్రం నుంచి వచ్చిన ప్రతిసారీ ఇంతే. కాళ్ళు కడుక్కున్నాకే లోపలికి. మా అత్తకు శుభ్రం ఎక్కువ అనుకునేదాన్ని.

కూర్చోగానే పని చెప్పాను. "మామా, పన్నెండు గుడ్డలు కావాలె. చాదరంత ఉండాలె. కోరా నూలు. రంగు వద్దు, గంజి వద్దు, అంచు వద్దు, కుచ్చులు వద్దు."

మామ సాంచె ఆపి నా వైపు చూశాడు. "అంచు వద్దా?"

"వద్దు."

"సన్నగ ఒక్క గీత?"

"అస్సలొద్దు మామా. రంగు కారితే దాని కండ్లు పాడైతయ్. కుచ్చులు రెక్కలకు సుట్టుకుంటయ్."

"దేనియి రెక్కలు?"

"తాబేలుయి."

మామ అత్త వైపు చూశాడు. అత్త నా వైపు చూసింది. "బాంబు పెడ్తరంటవ్, ఆడ ఉండే తాబేలా?" అన్నాడు మామ మెల్లగా.

"ఆ, అదే."

మామ ఆగిన సాంచె మీది పోగులు సవరించాడు. తర్వాత "బరం, సరే. అయితది పో" అన్నాడు. నేను వెళ్ళేదాకా మళ్ళీ ఆ ఊసెత్తలేదు. నాకు హాయిగా అనిపించింది. మొదటిసారి మా ఇంట్లో నా పని గురించి ఒక్క ప్రశ్న తక్కువ పడింది.

నేను ముంబై రైలెక్కాల్సిన ముందు రోజు పొద్దున గుడ్డల కోసం వెళ్ళాను. మామ స్నానం చేసి, తెల్లచొక్కా వేసుకుని, పెళ్ళికి సారె ఇచ్చేవాడిలా మూట నా చేతిలో పెట్టాడు. విప్పాను. జానెడు వెడల్పు ఎర్ర అంచు. రెండు కొసలా ముడులు వేసిన కుచ్చులు. అప్పడంలా పెళపెళలాడే గంజి. అది చాలదన్నట్టు ప్రతి గుడ్డ నాలుగు మూలలా పసుపు బొట్టు.

పన్నెండు గుడ్డలూ ఒకదాని తర్వాత ఒకటి తిప్పి చూశాను. అన్నీ అలాగే ఉన్నాయి.

"మామా, ఇదేంది?"

"ఏంది అంటే? చాదర్. ఎట్లున్నది?"

"అంచు వద్దన్న గదా?"

"అన్నవ్."

"కుచ్చులు వద్దన్న గదా?"

"అదీ అన్నవ్."

"మరి నేను తెలుగులనే చెప్పిన్నా, లేకుంటే సాంచెకు చెప్పిన్నా?"

"అరవకు పిల్లా. నా సాంచె మీద అంచు లేని కోరా గుడ్డ దిగదు. మా అయ్య నెయ్యలే, నేను నెయ్య. అసొంటి గుడ్డ పీనుగు మీదికి పోతది. ఆడపిల్లవు, ఒక్కదానివి రైలెక్కి పోతవ్. సంకల పీనుగ గుడ్డలు పెట్టుకొని పోతవా? నీ మంచికే చేసిన."

"నా మంచి కాదు మామా, తాబేలు మంచి చూడాలె!"

"తాబేలుకు ఇంక మంచేంది, చెడ్డేంది" అని ఆయన తల తిప్పుకున్నాడు.

అత్త మధ్యలోకి వచ్చింది. "పసుపు నేనే పెట్టిన. కొత్త బట్ట గదనే, బోడిగ ఎట్లిస్త?" అంది. ఇంకేం చెప్పను? అంచు లేకపోతే చావు, పసుపు లేకపోతే అరిష్టం. ఈ రెండిటి మధ్య నా తాబేలు గతి ఏం కాను? మూట సంకలో పెట్టుకుని, వచ్చే ఏడుపు దిగమింగి, బయటికి వచ్చి ఆటో ఎక్కాను.

విడీ ఘర్కుల్‌లో మా పెద్దమ్మ కూతురు రేణుకక్క ఉంటుంది. బీడీలు చుట్టే ఆడవాళ్ళ కాలనీ అది. ప్రతి అరుగు మీదా చాటలు, తునికాకులు, ఆకు కత్తిరించే కత్తెరలు. నాకు కావాల్సింది కత్తెరలే. కుచ్చులు, అంచులు కోసేసి, ఉతికి గంజి వదిలిస్తే సరిపోతుందని నా లెక్క.

అక్క, పక్కింటి వాళ్ళు బీడీల చాటలు పక్కన పెట్టి కూర్చున్నారు. కుచ్చులు కోస్తుంటే ఒకామె "అయ్యో, ఎంత మంచిగ ముడేసిండు" అని బాధపడింది. కుచ్చులు పోయాయి. గంజికి బిగిసిన అంచులు కత్తెరకు లొంగలేదు, అందుకని ముందు గంజి వదలడానికి గుడ్డలన్నీ పెద్ద తొట్టిలో నానబెట్టాం. కాసేపయ్యాక అక్క చెయ్యి పెట్టి చూసి "సునందా, ఇటు రా" అంది. తొట్టి నిండా ఎర్రనీళ్ళు. కొత్త రంగు కారి పన్నెండు గుడ్డలూ గులాబీ రంగుకు తిరిగాయి. మామ మగ్గం మీద దిగిన మంచి చాదర్లు అటు చాదర్లుగా లేవు, ఇటు నాకు పనికిరావు.

ఇక నావల్ల కాలేదు. అక్కడే తొట్టి పక్కన చతికిలబడి ఏడ్చాను. మామ మీద కోపం, సావంత్ సాబ్ మీద కోపం, మీటింగ్‌లో గొప్పలు పోయిన నా నోటి మీద కోపం, ఆ ఇనుప కాళ్ళ కింద తప్ప ఇంకెక్కడా నిద్ర పట్టని ఆ తాబేలు మీద కూడా కోపం.

అక్క నా పక్కన కూర్చుంది. ఊరుకోమని అనలేదు. "ఏడ్సినంక చెప్పు. అసలు ఎసొంటి గుడ్డ కావాలె దానికి?" అంది.

"మెత్తగుండాలె. రంగు కారొద్దు. గంజి ఉండొద్దు. నీళ్ళు మంచిగ పీల్చాలె. ఒంటికి ఒరుసుకోవద్దు."

"అంటే పసిపిల్లను సుట్టేదాని లెక్క."

"ఆ. అట్లనే."

అక్క నా నెత్తి మీద ఒక్కటి మొట్టింది. "మరి కొత్త గుడ్డ కశాలా, ఎందుకే? పుట్టిన పిల్లను పురుడు దాంక కొత్త బట్టల సుడ్తరానే ఎవరన్న? పాత పంచె, పాత చీర. నువ్వు పుట్టినప్పుడు నిన్ను మా అయ్య పంచెలనే సుట్టిన్రు. సదువుకున్నవు గని, గింత మాట తోచలేదా?"

ఆ తర్వాత ఆ గల్లీలో జరిగింది చూడాల్సిందే. ఒకామె తన మామగారి పంచె తెచ్చింది, ఒకామె ఉతికి ఉతికి తెల్లబడ్డ దుప్పటి తెచ్చింది, ఇంకొకామె మంచం మీద ఆరేసిన తువ్వాలు అలాగే లాక్కొచ్చింది. ఎక్కడ పాత అంచు మిగిలి ఉందో అక్కడ చర్రున చింపేశారు. చింపిన కొసలను ఒకామె కుట్టుమిషను మీద మడిచి కుట్టింది. "ఏంది కథ?" అని అడిగిన వాళ్ళకు అక్క ఒకటే మాట చెప్పింది, "మా చెల్లె కాడ ఒక బాలింత లెక్కటిది ఉన్నది." నేను దిద్దబోయి ఊరుకున్నాను. సరిగ్గా ఈ ఒక్కసారే నా పని ఎవరికో అర్థమైంది, దాన్ని చెడగొట్టడం ఎందుకు?

బార్జ్ మీద మూట విప్పగానే సావంత్ సాబ్ ముక్కు చిట్లించాడు. "సోలాపూర్ అంటే చాదర్లు అనుకున్నాను. ఇవి గిన్నెలవాడికి వేసే పాత బట్టల్లా ఉన్నాయి."

"అవే సాబ్. దేవుడి దయ వల్ల అవే దొరికాయి."

మర్నాడు తెల్లవారగానే డైవర్లు దిగారు. మౌసీ ఎప్పటి చోటే ఉంది. వల ఊయలలో పైకి వచ్చేటప్పుడు రెక్కలు టపటపా కొట్టింది, డెక్ మీదికి రాగానే పెద్ద నిట్టూర్పు విడిచింది. కళ్ళ నుంచి చిక్కటి నీళ్ళు కారుతున్నాయి. కుర్రాళ్ళు "ఏడుస్తోంది, ఏడుస్తోంది" అని ఫోన్లు తీశారు. ఒంట్లో ఉప్పు బయటికి పోవడానికి తాబేళ్ళకు కళ్ళ నుంచి నీళ్ళు కారుతాయి, అది ఏడుపు కాదు అని చెప్పి వాళ్ళను తరిమేసరికి నాకు ఏడుపొచ్చింది. తడిపిన గుడ్డలు డిప్ప మీద, మెడ మీద పరిచాం. ముక్కు, కళ్ళు వదిలేశాం. గుడ్డ ఒంటికి అతుక్కుపోయింది. రెక్కలు కొట్టడం ఆపింది.

డాక్టరమ్మ ముందే చెప్పింది. "మధ్యాహ్నం దాటనివ్వను. దాని ఒళ్ళు వేడెక్కితే పేలుడు అయినా కాకపోయినా నీళ్ళలో వదిలేస్తాను." వదిలేస్తే అది తిరిగి కాళ్ళ కిందికే పోతుంది. రేపటి నుంచి గాలి మారుతుందని హెచ్చరిక కూడా వచ్చింది. అంటే ఈ రోజు కాకపోతే, రేపు నన్ను అటు తిరిగి చూడమంటారు.

నేను పై డెక్ ఎక్కి దుర్భిణి పట్టుకున్నాను. నీళ్ళు ఖాళీ. అరగంట దగ్గరపడుతోంది. సావంత్ సాబ్ వాకీటాకీలో గొంతు సవరించుకున్నాడు. అప్పుడే పడమటి వైపు రెండు రెక్కలు తేలాయి. డాల్ఫిన్లు. ఎవరికీ తొందర లేనట్టు ఆడుకుంటూ వలయం లోపలికి వచ్చాయి.

"ఆపండి" అన్నాను.

వాకీటాకీ గరగరలాడింది. తర్వాత సావంత్ సాబ్, "మేడం, దూరంగానే ఉన్నాయి కదా."

"లోపల ఉన్నాయి సాబ్."

అవి వెళ్ళాయి. లెక్క మళ్ళీ మొదలు. అవి తిరిగి వచ్చాయి, ఈసారి పిల్లను కూడా తెచ్చుకున్నాయి. ఎండ నడినెత్తికి వస్తోంది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో ఆ పూట తెలిసింది. సావంత్ సాబ్ మెట్లెక్కి నా దగ్గరికే వచ్చేశాడు.

"ఆ మూడింటి కోసం కింద ఈ ఒక్కదాన్ని చంపుతారా? అటు ఆగితే ఇది పోతుంది. ఇటు నొక్కితే అవి పోతాయి. మీ ధర్మం ఏం చెప్తుంది, చెప్పండి!"

కోపంలో నోటికొచ్చింది అనేశాను. "ధర్మం సంగతి నాకు తెలియదు. మీరు ఇక్కడ నా మీద అరిచే బదులు కిందికి పోయి దాని మీద నీళ్ళు పోయండి. నేను మాత్రం కళ్ళు తిప్పను."

ఆయన నన్ను ఒకసారి చూసి దిగిపోయాడు. అయిపోయింది, ముంబైకి ఫోన్ చేస్తాడు అనుకున్నాను. కాసేపటికి కిందికి ఒక చూపు వేస్తే సావంత్ సాబ్ హెల్మెట్ తీసి పక్కన పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని, మగ్గుతో మౌసీ మీద నీళ్ళు పోస్తున్నాడు. డాక్టరమ్మ ఏదో చెప్తోంది, ఆయన తల ఊపుతున్నాడు. దుర్భిణి మళ్ళీ కళ్ళకు పెట్టుకున్నాను.

పాత గుడ్డలు నీళ్ళు పట్టి ఉంచాయి. డాక్టరమ్మ మాటిమాటికీ వేడి చూసి, "ఇంకాస్త ఆగొచ్చు" అంటూ వచ్చింది. డాల్ఫిన్లు చివరికి దక్షిణం వైపు సాగిపోయాయి. మళ్ళీ అరగంట. నీళ్ళ మీద ఒక్క నలుసు లేదు. "ఆల్ క్లియర్" అన్నప్పుడు నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

పాదాల కింద ఒక అదురు. నీళ్ళ మీద కాస్త నురుగు. అంతే. పేలుడు తర్వాత చుట్టూ పడవలో తిరిగి, చచ్చినవి, దెబ్బ తిన్నవి ఉన్నాయేమో చూడటం కూడా నా పనే. తాబేళ్ళు లేవు, డాల్ఫిన్లు లేవు. చేపలు మాత్రం తేలాయి, తెల్లటి పొట్టలు పైకి పెట్టి. చేపల కోసం ఎవరూ అరగంట ఆగరు, నా నిబంధనల్లో వాటికి చోటు లేదు. ఆ సంగతి దాచిపెట్టి ఈ కథ చెప్తే అబద్ధమవుతుంది.

మౌసీని దూరంగా తీసుకెళ్ళి వదిలాం. గుడ్డలు ఒక్కొక్కటే తీశాం. నీళ్ళు తగలగానే రెండు రెక్కలు వేసి, వెనక్కి కూడా చూడకుండా దిగిపోయింది. ఇంత చేసినందుకు ఒక్క చూపు లేదు. తాబేలంటే అంతే.

పని ముగిసి సోలాపూర్ వెళ్ళాను. మామతో మాట్లాడకూడదనే నిర్ణయించుకున్నాను. గడప దగ్గర అత్త చెంబుతో నిలబడి ఉంది. కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చాను. మామ సాంచె ఆపి దగ్గరికి వచ్చాడు.

"గుడ్డలు సరిపోయినయా బిడ్డా?"

"సరిపోయినయ్" అన్నాను. ఏ గుడ్డలో చెప్పలేదు.

"పాపం. ఏడ పెట్టిన్రు దాన్ని? మట్టి చేసిన్రా, నీళ్ళల్లనే ఇడిసిన్రా?"

"నీళ్ళల్లనే ఇడిసినం" అని చెప్పి, అప్పుడు తలెత్తి చూశాను. "మట్టి చేసుడేంది మామా?"

"సచ్చినంక మట్టి చెయ్యరా?"

"ఎవరు సచ్చిన్రు?"

"తాబేలు. బాంబు పెడ్తరు, సస్తది. నువ్వు లెక్కవెట్టి, గుడ్డ కప్పి, సాగనంపుతవ్. గదే గదా నీ పని? నేనేమన్న అంటినా ఎన్నడన్న? ఎవరో ఒకరు చెయ్యాలె అసొంటి పని. నా బిడ్డ చేస్తున్నది అనుకుంట."

ఇల్లంతా చూశాను. అత్త చేతిలో ఇంకా చెంబు ఉంది. ఇన్నేళ్ళుగా సముద్రం నుంచి వచ్చిన ప్రతిసారీ గడప బయట నా కాళ్ళ మీద నీళ్ళు పోసింది శుభ్రం కోసం కాదు. నేను పీనుగుల దగ్గర నుంచి వస్తున్నానని. ఆ ఎర్ర అంచు, ఆ కుచ్చులు, ఆ పసుపు బొట్లు అన్నీ నన్ను ఆ చావుల నుంచి కాపాడటానికి. ఒక్కసారి కూడా ఆ పని మానుకోమని అనలేదు, నా మనసు కష్టపెట్టలేదు. అరిచి చెప్పాలో, కాళ్ళ మీద పడాలో తెలియలేదు. రెండూ చేతకాక ఫోన్ తీసి మౌసీ నీళ్ళలోకి దిగే వీడియో పెట్టాను.

మామ ఫోన్‌ను కళ్ళ దగ్గరికి పెట్టుకున్నాడు. "కదుల్తున్నది" అన్నాడు. మళ్ళీ పెట్టమన్నాడు. "కదుల్తున్నదే! ఇది బతికే ఉన్నదా?"

"బతికుంచేటందుకే గదా మామా నా పని! మొదటి నుంచి గదే చెప్తున్న!"

"నువ్వు బాంబు అన్నవ్ పిల్లా. బాంబు అన్నంక ఇంకోటి ఇనవడ్తదా?"

లేచి లోపలికి వెళ్ళాడు. చాలాసేపు పెట్టె వెతుకుతున్న చప్పుడు. ఒక పాత పంచె పట్టుకుని వచ్చాడు, ఉతుకులకు మెత్తబడి వెన్నలా ఉంది. దానికి సన్నటి పచ్చ అంచు, ఆయన వాళ్ళ అయ్య నేసింది. నేను వద్దనేలోపే అంచు కొస పళ్ళతో పట్టి, చర్రున ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చింపేశాడు. ఆ చప్పుడుకు అత్త గుండె మీద చెయ్యి వేసుకుంది.

"మళ్ళ ఏదన్న దొరికితే దీంతోని కప్పు. మేనమామ పెట్టిన బట్ట అని చెప్పు" అన్నాడు.

ఆ రోజు తర్వాత నా పని చెప్పే తీరు మార్చుకున్నాను. కొత్త బార్జ్ ఎక్కినా, పర్మిషన్ల మీటింగ్‌లో కూర్చున్నా, దాజీ పేట్ అరుగు మీదైనా, బాంబు మాట చివరికి నెట్టేశాను. మొదటి మాట ఒకటే. "అక్కడ ఒక ప్రాణం ఉంది, బతికే ఉంది." మనం ఎంత విడమరిచి చెప్పినా జనం మొదట వినపడ్డ పెద్ద చప్పుడు దగ్గరే ఆగిపోతారు. చదువుకున్న సావంత్ సాబ్ అయినా, చదువు లేని మామ అయినా. అరుగు మీది కాకా మాత్రం ఇప్పటికీ చేపలు ఎట్లున్నయ్ అనే అడుగుతాడు. ఆయనతో నావల్ల కాదు.

ఆ తర్వాతి సెలవుకు ఇంటికి వెళ్ళినప్పుడు అలవాటు కొద్దీ గడప బయటే ఆగి చెప్పులు విడిచి నిలబడ్డాను. అత్త వంటింట్లోంచి తొంగి చూసింది. చేతిలో చెంబు లేదు.

"ఆడనే నిలవడ్డవేందే? లోపలికి రా, చాయ్ సల్లారిపోతది."